ఓపెన్ సోర్స్ మనకేం బాకీ?
జేఎన్‌టీయూ గురజాడ విజయనగరం ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి,



గరివిడిలో నేను డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నాను. ఏటా ఎండలు ముదిరే వేళకి ఇంజనీరింగ్ ఫైనలియర్ పిల్లల ప్రాజెక్టు రికార్డులు మా దగ్గర ప్రింటై, బైండింగై వెళ్తుంటాయి. పేజీలు వరుసలో ఉన్నాయో లేదో చూసుకోవాలి కాబట్టి ప్రతి రికార్డూ తిరగేస్తాను. అందులో వాడిన సాఫ్ట్‌వేర్ల జాబితా ఒక పేజీ ఉంటుంది. పైథాన్, ఓపెన్‌సీవీ, మైఎస్‌క్యూఎల్, ఉబుంటు, ఆర్డుయినో. దాదాపు ప్రతి పేరూ ఓపెన్ సోర్సే. మొదట్లో కృతజ్ఞతల పేజీ ఉంటుంది. ప్రిన్సిపాల్ గారు, హెచ్‌ఓడీ గారు, గైడు, అమ్మానాన్నలు, స్నేహితులు అందరూ ఉంటారు. ఆ సాఫ్ట్‌వేర్లు రాసినవాళ్ళ ఊసు మాత్రం ఏ రికార్డులోనూ నాకు కనబడలేదు.

పిల్లల్ని తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ పేర్ల వెనక మనుషులున్నారనీ, వాళ్ళ దగ్గర్నుంచి మనం ఏది ఆశించవచ్చో, ఏది ఆశించకూడదో ఎవరో ఒకరు చెప్పాలి కదా. శ్రీకాకుళం నుంచి అనకాపల్లి వరకు ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో చాలావరకు 2022 నుంచి మీ విశ్వవిద్యాలయం కిందికి వచ్చాయి. ఈ మాట చెప్పగలిగిన చోటు మా ప్రాంతంలో మీదే.

షాపులో కూర్చుంటే రెండు రకాల మాటలు వినబడుతుంటాయి. సిస్టమ్ బాగా పనిచేస్తున్నప్పుడు ఓపెన్ సోర్స్ ఊసే ఎవరూ ఎత్తరు. ఎక్కడైనా తేడా చేస్తే ఒకరు "ఊరికే వచ్చిందానికి గేరంటీ ఏటి బాబూ" అని కొట్టిపారేస్తారు. ఇంకొకరు "ఇన్నాళ్ళయింది, ఇంకా ఎందుకు బాగుచెయ్యలేదు?" అని ఎవరి మీదో తెలియని కోపంతో ఊగిపోతారు. మొదటివారు ఆశించవలసింది కూడా వదులుకుంటున్నారు. రెండోవారు ఎవరూ ఇవ్వని మాటను పట్టుకుని నిలదీస్తున్నారు.

ఆ మాట ఎవరూ ఇవ్వలేదన్నది లైసెన్సులోనే రాసి ఉంటుంది. జీపీఎల్ అయినా ఎంఐటీ అయినా, ఉన్నదున్నట్టుగా ఇస్తున్నాం, ఏ హామీ లేదు, నష్టమొస్తే మా బాధ్యత కాదు అనే అర్థం వచ్చే భాగం ఉండి తీరుతుంది. ఇందులో దురుసుతనం ఏమీ లేదు. రాత్రి ఉద్యోగం నుంచి వచ్చాక కూర్చుని రాసిన ప్రోగ్రాం ఎక్కడో ఒక కంపెనీలో ఆగిపోతే, ఆ నష్టం రాసినవాడు కట్టాలంటే ఇంక ఎవరూ ఏదీ రాయరు, ఇవ్వరు. డబ్బిచ్చి కొన్న సాఫ్ట్‌వేర్ ఒప్పందాలు చదివినా చాలావాటిలో ఇలాంటి నిబంధనే కనిపిస్తుంది. ధర కట్టినంత మాత్రాన తప్పులు రావనుకోవడం మన భ్రమ. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు 'జ్ఞా' ఒక్కటి మెసేజీలో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. ప్రపంచంలోకెల్లా సంపన్నమైన కంపెనీల్లో ఒకటి చేసిన ఫోను అది. కొద్ది రోజుల్లోనే సరిచేశారు, నిజమే. ఆ సరిచేసేవాళ్ళకి జీతాలున్నాయి.

జీతం లేనివాళ్ళ సంగతి చూడండి. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. ఇంటర్నెట్‌లో బ్యాంకుల లావాదేవీలకు తాళం వేసే సాఫ్ట్‌వేర్ అది. అప్పటిదాకా ఆ ప్రాజెక్టుకి ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు.

ఇంకొక ఉదంతం ఉంది. దాన్ని ప్రతి సీఎస్‌ఈ తరగతిలో ఒక పీరియడ్ పాఠంగా చెప్పాలని నా కోరిక. ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాధనం లినక్స్ యంత్రాల్లో దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. ఫిన్లాండ్‌కి చెందిన లాసె కొలిన్ దాన్ని ఏళ్ళ తరబడి దాదాపు ఒంటరిగా చూసుకొచ్చారు. 2022లో కొందరు కొత్త పేర్లతో వచ్చి, ఎందుకింత ఆలస్యం, నీకు కుదరకపోతే ఇంకొకరికి అప్పజెప్పు అంటూ వెంటపడ్డారు. తన మానసిక ఆరోగ్యం బాగోలేదనీ, ఇది జీతం లేని పనేననీ ఆయన బదులు చెప్పుకోవలసి వచ్చింది. ఆ పక్కనే జియా టాన్ అనే పేరుతో ఒకరు ఎంతో మర్యాదగా సాయం చేస్తూ వచ్చారు. క్రమంగా పగ్గాలు ఆ చేతికి వెళ్ళాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 5.6.0 వెర్షన్‌లో ప్రపంచంలోని సర్వర్లలోకి దొడ్డిదారిన దూరడానికి వీలయ్యే కోడ్ దాగి వచ్చింది. అప్పటి సతాయింపు కూడా పన్నాగంలో భాగమేనని నిపుణులు భావిస్తున్నారు.

దాన్ని పట్టుకున్నది ఏ భద్రతా సంస్థో కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన పనిలో సర్వర్‌లోకి లాగిన్ అవుతుంటే అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. ఎందుకని తవ్వుకుంటూ పోయారు. మార్చి 29న లోకానికి చెప్పారు. లోపలికి తొంగిచూసే హక్కు లేని సాఫ్ట్‌వేర్ అయితే ఆ అర సెకను దగ్గరే ఆయన ఆగిపోయేవారు.

ఓపెన్ సోర్స్ నుంచి ఏది ఆశించాలి అని నన్నెవరైనా అడిగితే ఈ కథే చెబుతాను. సేవకుణ్ణి ఆశించవద్దు. తలుపు తెరిచి ఉంటుందని ఆశించండి. లోపల ఏముందో చూడవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినది పదిమందికీ పంచవచ్చు, చేతకాకపోతే తెలిసినవాళ్ళకి డబ్బిచ్చి చేయించుకోవచ్చు. చేసినవాడు అలసిపోయి ఆపేసినా పని చచ్చిపోదు. దీనికి మన తెలుగులోనే మంచి సాక్ష్యం ఉంది. తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటీ ఒక్కో సొంత ఫాంటుతో నడిచిన రోజుల్లో వెన్న నాగార్జున గారు పద్మ అనే ఫైర్‌ఫాక్స్ యాడాన్ రాశారు. ఆ అక్షరాలను అది యూనికోడ్‌లోకి మార్చేది. కాలం మారింది, ఆ సైట్లే యూనికోడ్‌కి వచ్చేశాయి, ఫైర్‌ఫాక్స్ కూడా 2017లో పాత తరహా యాడాన్లను పక్కన పెట్టింది. కానీ పద్మ కోడ్ ఆధారంగానే వీవెన్ గారు లేఖిని తయారుచేశారు. ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రాయడం ఎంతోమందికి అలవాటైంది దాంతోనే. 2010లో ఓపెన్ ఆఫీస్ మీద పనిచేస్తున్నవాళ్ళలో చాలామంది కొత్త యాజమాన్యంతో పొసగక బయటికొచ్చి లిబ్రే ఆఫీస్ మొదలుపెట్టగలిగారన్నా కారణం ఇదే. ఈ ఉత్తరం టైపు చేస్తున్నది అందులోనే.

మా షాపులో జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఒక ఓపెన్ ఫాంటు నాకు చాలా నచ్చి శుభలేఖలకు వాడేవాణ్ణి. పేరు ఇక్కడ అనవసరం. అందులో 'క్ష్మీ' కొడితే ష వత్తు మీదికి మ వత్తు ఎక్కేసేది. తెర మీద పెద్దగా తెలిసేది కాదు. కార్డు సైజుకి ప్రింటు తీస్తే అక్కడ నల్లటి మరక. పెళ్ళికూతురి తండ్రి కార్డు చేత్తో పట్టుకుని "లక్ష్మీ పేరే అలికేసినట్టుంటే ఎలాగ బాబూ" అన్నారు. ఆయన మాట న్యాయం. ఆ వారం రికార్డు ప్రింటుకి వచ్చిన ఒక విద్యార్థిని అది చూసి, కంప్యూటర్ ముందు కూర్చుని ఒక రిపోర్టు రాసింది. ఫాంటు వెర్షన్, ఏ సాఫ్ట్‌వేర్‌లో కొట్టాం, ఏ అక్షరాలు ఏ వరుసలో కొడితే వస్తుంది, ఏ సైజులో కనబడుతుంది, పక్కన మామూలు 'క్ష్మి' ఎలా వస్తోంది, చేత్తో రాస్తే ఎలా ఉండాలి, ప్రింటు ఫొటో. ఎక్కడా "దయచేసి వెంటనే" అన్న మాట లేదు. చదివినవాడు ఒక్క ప్రశ్న కూడా వెనక్కి వేయనక్కర్లేని ఉత్తరం అది.

జవాబు రాలేదు. ఆ ఫాంటు చేసినవారు ఇప్పుడు ఏ పనిలో ఉన్నారో, ఏ కష్టంలో ఉన్నారో. కొన్నాళ్ళు చూసి ఆ అమ్మాయే ఫాంట్లు సరిదిద్దే ఫాంట్‌ఫోర్జ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫాంటు తెరిచి మ వత్తును కాస్త కుడికి, కాస్త కిందికి జరిపింది. మార్చిన ఫాంటుకి పాత పేరు పెట్టకూడదని లైసెన్సులో ఉంటే పేరు మార్చింది. మార్పును అసలు ప్రాజెక్టుకీ పంపింది. ఇప్పుడు మా దగ్గర శుభలేఖల్లో లక్ష్మీ శుభ్రంగా పడుతోంది. ఆ అమ్మాయి బైండు చేయించుకున్న రికార్డు వేరే విషయం మీద. ఈ పనికి ఆమెకి ఒక్క మార్కు రాలేదు, వచ్చే దారి కూడా లేదు.

అయ్యా, ఆ దారి వేయమని అడుగుతున్నాను. ఫైనలియర్ ప్రాజెక్టు నిబంధనల్లో, ఇప్పటికే లోకం వాడుతున్న ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను మెరుగుపరచే పనిని కూడా ప్రాజెక్టుగా ఒప్పుకోండి. కోడే రాయాలని లేదు. లోపాన్ని మళ్ళీ మళ్ళీ రప్పించి కారణం తేల్చడం, వాడుక పుస్తకం రాయడం, మెనూలను తెలుగు చేయడం, ఇవన్నీ ఇంజనీరు చేయవలసిన పనులే. ఐఐటీ బొంబాయి ఫాసీ ప్రాజెక్టు ఇలాంటి దారి ఎప్పుడో వేసింది. పాఠ్యపుస్తకాల్లోని లెక్కలను సైలాబ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో చేసి ఇచ్చిన విద్యార్థులకు పారితోషికం ఇచ్చింది. కేరళ ప్రభుత్వ బడుల్లో కంప్యూటర్ పాఠాలు లినక్స్ మీదే నడుస్తున్నాయి. ఓపెన్ సోర్స్‌కే ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం 2015లోనే విధానం ప్రకటించింది.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. మార్కులు లెక్కకి ఇవ్వవద్దు. 2020 అక్టోబర్‌లో ఒక కార్యక్రమంలో నాలుగు మార్పులు పంపితే టీ షర్టు ఇస్తామన్నారు. మన దేశంలో ఒక వీడియో పాఠం చూసిన కుర్రాళ్ళు ఎక్కడపడితే అక్కడ అర్థంలేని మార్పులు కుప్పలుగా పంపారు. నిర్వాహకులు వాటిని తీసిపారేయడానికే రోజులు వెచ్చించారు. నిర్వహించే సంస్థ నిబంధనలే మార్చుకోవలసి వచ్చింది. 2024లో ఎక్స్‌ప్రెస్ అనే ప్రాజెక్టులో మళ్ళీ ఇదే జరిగింది. విద్యార్థులు ఊరికే తమ పేర్లు చేర్చి పంపారు. ఎక్కడో జీతం లేకుండా పనిచేస్తున్న మనిషి సమయాన్ని మన పిల్లల మార్కుల కోసం కాజేయడం న్యాయం కాదు. అందుకే ఏ మార్పైనా బయటికి వెళ్ళకముందు కాలేజీలోనే ఒక అధ్యాపకుడు చదవాలి. అవతలివారు తీసుకున్నారా లేదా అన్నదాన్ని బట్టి కాకుండా, పని ఎంత నిజాయితీగా, ఎంత స్పష్టంగా ఉందో చూసి మార్కులు వేయాలి. జవాబు రాకపోవడం విద్యార్థి తప్పు కాదు.

మొదలుపెట్టడానికి దూరం వెళ్ళక్కర్లేదు. మీ విశ్వవిద్యాలయం పేరులో ఉన్న గురజాడ వారి పేరుతోనే ఒక తెలుగు ఫాంటు ఉంది. గిడుగు వారి పేరుతో ఇంకొకటి ఉంది. పురుషోత్ కుమార్ గుత్తుల గారు రూపొందించగా సిలికానాంధ్ర వాటిని ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో అందరికీ ఇచ్చింది. గురజాడ వారు చిన్నప్పుడు చదువుకున్న చీపురుపల్లి మాకు పక్కనే. కార్డులకూ కరపత్రాలకూ తెలుగు అచ్చువేసే మాలాంటి షాపులు మీ పరిధిలోని జిల్లాల్లో దాదాపు ప్రతి మండల కేంద్రంలోనూ ఉన్నాయి. ఏ ఫాంటులో ఏ సంయుక్తాక్షరం ఏ సైజులో విరుగుతుందో మేము రోజూ చూస్తుంటాం. చెప్పడం ఎలాగో మాకు తెలియదు, చెప్పగలిగిన పిల్లలు మీ దగ్గరున్నారు.

వచ్చే విద్యా సంవత్సరం ప్రాజెక్టు నిబంధనలు ఖరారయ్యేలోగా మీ అకడమిక్ విభాగం ఈ విషయం పరిశీలిస్తే, ఆ అమ్మాయి అనుమతి తీసుకుని తను రాసిన రిపోర్టునీ, మా దగ్గర పోగైన అక్షర దోషాల ప్రింట్లనీ తెచ్చి ఇస్తాను. ఏ పనిదినమైనా సరే, కబురు పెట్టండి.

భవదీయుడు,
ఒక డీటీపీ షాపు నిర్వాహకుడు,
గరివిడి, విజయనగరం జిల్లా