వనిల్లా మిల్క్‌షేక్: చిన్న సీసాలో ఏముంది?

పిల్లలకు వనిల్లా మిల్క్‌షేక్ ఇంట్లోనే చేసిపెట్టాలనుకున్న ఎల్లారెడ్డి సోదరి ఒకరు మమ్మల్ని ఇలా అడిగారు: "కామారెడ్డి నుంచి తెప్పించిన ఎసెన్స్ సీసాపై ఆకుపచ్చ చుక్క ఉంది. అంటే హలాలేనా?"

ఆ చుక్క తెలిపేది ఒక్కటే, అందులో మాంసాహార పదార్థం లేదని. మద్యసారం సంగతి అది చెప్పదు. వనిల్లా ఒక ఆర్కిడ్ తీగకు కాసే కాయ. దాన్ని మద్యసారంలో నానబెట్టి తీసినది ఎక్స్‌ట్రాక్ట్. అమెరికా నిబంధనల ప్రకారం అందులో కనీసం 35 శాతం మద్యసారం ఉండాలి. చవకగా దొరికే ఎసెన్స్ చాలావరకు కృత్రిమ వనిలిన్. దాన్ని కొందరు ప్రొపిలీన్ గ్లైకాల్‌లో, కొందరు మద్యసారంలో కరిగిస్తారు. కనుక సీసా వెనుక ఉన్న సన్నని అక్షరాలనే చదవాలి. ఆహారంలో కలిసే స్వల్ప మద్యసారం గురించి ధర్మవేత్తల మధ్య అభిప్రాయభేదం ఉన్నది. తీర్పు చెప్పడం మా పని కాదు, మీ ఊరి ఆలిమ్‌ను అడగండి. అయితే సందేహం కలిగించేదాన్ని విడిచిపెట్టమన్న ప్రవక్త (స) హితవు వంటింటికీ వర్తిస్తుందని మేము భావిస్తాము. పైగా మిల్క్‌షేక్‌ను పొయ్యి మీద పెట్టము. ఆవిరైపోతుందన్న సమాధానానికి ఇక్కడ తావు లేదు.

ఐస్‌క్రీమ్ డబ్బానూ తిప్పి చూడండి. మన దేశంలో ఐస్‌క్రీమ్ అనాలంటే కనీసం 10 శాతం పాలకొవ్వు ఉండాలి. 'ఫ్రోజెన్ డెజర్ట్' అని ఉంటే అందులో నూనెల కొవ్వు ఉండవచ్చు. అసలు అది లేకుండానే చేసుకోవచ్చు. డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉన్న కామారెడ్డి వారికి పాల గురించి మేము చెప్పాలా!

ఇద్దరికి అర లీటరు చిక్కని బర్రెపాలు చాలు. కాచి, మూడు చెంచాల చక్కెర కరిగించి దించండి. సగం వనిల్లా కాయను నిలువునా చీల్చి, గింజలు గీకి, తొక్కతో సహా వేడి పాలలో వేసి మూతపెట్టండి. చల్లారాక తొక్క తీసి, మూడింట రెండు వంతుల పాలను ఐస్ ట్రేలో గడ్డకట్టించండి, మిగిలినవి ఫ్రిజ్‌లో ఉంచండి. తరువాత రెండూ కలిపి మిక్సీలో కాసేపే తిప్పండి. ఎక్కువసేపు తిప్పితే వేడికి పలుచబడుతుంది. నీటి మంచు వేయకండి, రుచి చప్పబడుతుంది. కాయ దొరకకపోతే మద్యసారం లేదని రాసి ఉన్న వనిల్లా పొడి వాడండి. ఏలకుల పొడి వేసినా బాగుంటుంది గానీ, దాన్ని వనిల్లా అంటే పిల్లలు ఒప్పుకోరు.

తాగిన తరువాత, నమాజుకు లేచే ముందు, నోరు పుక్కిలించమని పిల్లలకు చెప్పండి. పాలలో జిడ్డు ఉంటుందని ప్రవక్త (స) అలాగే చేసేవారు.