తీసేముందు లోపల చూశారా?

స్త్రీల ఆరోగ్యం గురించి మాట్లాడటానికి పల్లెలకు వెళ్ళినప్పుడు తరచుగా వినే మాట: "సంచి తీయించేసుకున్నానమ్మా." ఎందుకంటే తెల్లబట్ట అనో, నెలసరి ఆగడం లేదనో చెబుతారు. "ఉంచుకుంటే క్యాన్సరొస్తుందన్నారు" అని చివర్లో కలుపుతారు. లోపల చూశారా అని అడిగితే, పొట్టమీద తీసిన స్కానింగ్ ఒక్కటే చూపిస్తారు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మన గర్భసంచులే ఇంత త్వరగా చెడిపోతున్నాయా?

హిస్టెరోస్కోపీ అనే పరీక్ష ఉంది. కొన్ని మిల్లీమీటర్ల మందం ఉన్న కెమెరా గొట్టాన్ని యోని ద్వారా గర్భసంచిలోకి పంపి, సెలైన్‌తో గోడలను విడదీసి చూస్తారు. కోతలేదు, కుట్లులేవు. రక్తస్రావానికి కారణం పాలిప్ అయినా, లోపలికి పొడుచుకొచ్చిన ఫైబ్రాయిడ్ అయినా చాలాసార్లు అప్పుడే తీసేయవచ్చు. అనుమానం ఉన్నచోట ముక్క తీసి పరీక్షకు పంపవచ్చు. క్యాన్సరా కాదా అన్నది తేల్చాల్సింది ఆ పరీక్ష. చాలామంది అదేరోజు ఇంటికి వెళ్ళిపోతారు. అయితే ఇది అన్ని గడ్డలకూ పనికిరాదు. కొందరికి బాగా నొప్పి పెడుతుంది కూడా. "కాస్త ఓర్చుకోమ్మా" అంటే తలూపనక్కర్లేదు, నొప్పి తెలియకుండా మందు అడగాలి. (ఓర్చుకోవడం మనకు చిన్నప్పటినుంచీ నేర్పిన విద్యే కదా!)

ఇక సంతకం సంగతి. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ళ అవివాహిత ఒకామె లాపరోస్కోపీకి సంతకం పెట్టింది. అదీ గొట్టంతో లోపల చూసేదే, పొట్ట ద్వారా. ఆమె మత్తులో ఉండగా తల్లిని అడిగి గర్భసంచీ అండాశయాలూ తీసేశారు. పరీక్షకు ఇచ్చిన అంగీకారం తీసేయడానికి ఇచ్చినట్టు కాదనీ, తల్లి అంగీకారం చెల్లదనీ 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఫీజు వసూలు చేయకూడదంది. పరిహారం మాత్రం 25,000 రూపాయలు! ఒక స్త్రీ శరీరానికి కట్టిన వెల అది.

అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో అదే కోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. కానీ చూసే సాధనం అందుబాటులో లేకపోతే ఆ కాగితం కూలికి వెళ్ళే స్త్రీకి ఏం ఉపయోగం? మీ జిల్లా ఆసుపత్రిలో హిస్టెరోస్కోపు ఉందా, వాడటం తెలిసిన డాక్టరున్నారా? మీ ఊరి మహిళాసంఘం నలుగురినీ వెంటబెట్టుకుని వెళ్ళి అడగండి. జవాబు రాతపూర్వకంగా ఇమ్మనండి.