ఒకే ఫోన్ ఉన్నోళ్లం బీటా వాడొచ్చా?

కొంచెం పెద్ద పోస్టే, తీరిక చేసుకొని చదవండి.

పోయిన వారం ఒక అన్న పెట్టినాడు కదా, ‘కొత్త ఆండ్రాయిడ్ బీటా వచ్చింది, అందరూ ఎక్కించుకోండి, మనం ఎప్పుడూ ఎనకాలే ఉంటే ఎట్టా’ అని. దాని కింద చానామంది సై అన్నారు. వద్దన్నోళ్లు కూడా ఉన్నారు గాని ఎందుకు వద్దో చెప్పలేదు. నాకు ఆ అన్న మీద గౌరవం ఉంది. మనలో ఉద్యోగానికి పోయి కూడా గ్రూపుని మరవని మనిషి ఆయన. అయినా ఈ మాటలో సగానికే నేను ఒప్పుకుంటా. ఆ సగం ఏది, మిగతా సగం ఎందుకు కాదు అని రాస్తున్నా.

తెలియనోళ్ల కోసం ఒక్క ముక్క. ఒక సాఫ్ట్‌వేర్ తయారయ్యాక అందరికీ ఇచ్చే ముందు కొంతమందికి ఇచ్చి వాడి చూడమంటారు. దాన్నే బీటా అంటారు. దానికి ముందుది ఆల్ఫా, అది ఇంకా పచ్చిది. కూర దించకముందు ఉప్పు చూడమని చేతిలో పోస్తారే, అట్టాంటిది. ఉప్పు చూసేవాడి పని కడుపు నింపుకోవడం కాదు, ఉప్పు తక్కువైందో ఎక్కువైందో చెప్పడం. మనోళ్లు చానామంది బీటా అంటే అందరికంటే ముందు దొరికే కొత్త సరుకు అనుకుంటున్నారు. కంపెనీ మనకి ఇస్తున్నది సరుకు కాదు, పని. జీతం లేని పని.

ఇప్పుడు మన ఫోన్ సంగతి చూద్దాం. సిటీలో ఇంజనీరుకి రెండు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ ఉంటాయి. ఒకటి పాడైతే ఇంకోటి తీస్తాడు. మనకి ఉండేది ఒకటే. స్కాలర్‌షిప్ ఓటీపీ దానికే వస్తాది. బ్యాంకు దాంట్లోనే. కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్, ఇంటర్ మార్కుల లిస్టు అన్నీ ఫొటోలుగా దాంట్లోనే. సార్లు నోట్సు పెట్టే వాట్సాప్ గ్రూపు దాంట్లోనే. పరీక్ష ఫీజు కట్టేది దాంతోనే. వరికుంటపాడులో అమ్మ పక్కింటోళ్ల ఫోన్ అడుక్కొని చేసేది కూడా ఆ నంబరుకే. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఫారం తప్పుపోతే సరిచేసేదానికి ఇంట్లో చదువుకున్నోళ్లు లేరు. ఆ ఫోన్ ఒక వారం ఆగిపోతే నా చదువులో ఏం ఆగుతాదో లెక్క వేసుకుంటే భయం వేస్తాది.

మా హాస్టల్లో రెండో సంవత్సరం తమ్ముడు ఒకడు వీడియో చూసి బీటా ఎక్కించినాడు. నాలుగు రోజులు బాగానే ఉండింది, కొత్త రంగులు, కొత్త బొమ్మలు, అందరికీ చూపించుకున్నాడు. తర్వాత బ్యాంకు యాప్ తెరుచుకోలా. అదే వారం పరీక్ష ఫీజు. పాతదానికి పోదామంటే అప్పుడు తెలిసింది అసలు సంగతి: ఆండ్రాయిడ్ బీటా నుంచి మధ్యలో బయటికొస్తే ఫోన్‌లో ఉండే డేటా మొత్తం తుడిచిపెట్టుకుపోతాది. ఇది దాచిన విషయమేం కాదు, చేరేటప్పుడే రాసి ఉంటాది. కాకపోతే ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో. ఫీజు ఇంకొకరి ఫోన్ నుంచి కట్టినాం. నోట్సు పోయినాయి. వాడిని ఎవరూ తిట్టలేదు, తిట్టేదానికి ఏముంది? కుతూహలం తప్పు కాదు గదా.

కాబట్టి నేను చూసేది ఒకటే: వెనక్కి రావడం ఎంత కష్టం? క్రోమ్ బ్రౌజర్‌లో కెనరీ అని పచ్చి వెర్షన్ ఉంది. అది మామూలు క్రోమ్ పక్కనే ఇంకో యాప్ లాగా కూర్చుంటాది, నచ్చకపోతే తీసేస్తే అయిపాయె. ఫైర్‌ఫాక్స్ నైట్లీ కూడా అంతే. వాటితో ఆడుకోండి, నేనూ ఆడుకుంటా. ఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్ బీటా అట్టా కాదు. విండోస్‌లో ఇన్‌సైడర్ అని 2014 నుంచి నడుస్తున్న పథకం కూడా, దాంట్లో బాగా ముందుండే ఛానల్‌లో చేరితే వెనక్కి రావాలంటే చాలాసార్లు మొత్తం తుడిచి కొత్తగా ఎక్కించుకోవాల్సిందే. మొదటిది ఊరి చెరువులో ఈత, రెండోది బావిలో దూకడం. రెండిట్లోనూ నీళ్లే గాని పైకొచ్చే దారి వేరు.

ఇంతవరకు చదివి ‘బీటా వద్దు, అందరికీ ఇచ్చింది వాడితే గొడవే లేదు’ అనుకుంటారేమో. అట్టా కూడా కుదరదు. ఇక్కడే తెలుగోళ్లం అందరం గుర్తుపెట్టుకోవాల్సిన కథ ఒకటుంది.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు ఒక తెలుగు అక్షరానికి కుప్పకూలిపోయినాయి. ఆ అక్షరం ‘జ్ఞా’. దాంట్లో కంటికి కనపడని ఒక కోడు కలిసి వచ్చినప్పుడు ఐఓఎస్ 11.2.5 దాన్ని గీయలేక పడిపోయేది. మెసేజ్‌లో వస్తే ఆ యాప్ పనిచేయదు, నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే తిక్కతిక్కగా అయ్యేది. ప్రపంచమంతా నవ్వుకున్నారు, కొంతమంది కావాలని ఆ అక్షరం పంపించి ఆటలాడినారు. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. విచిత్రం ఏందంటే, అప్పటికే పరీక్షలో ఉన్న 11.3 బీటాలో ఆ జబ్బు లేదు. అంటే అందరికీ ఇచ్చిన ‘పక్కా’ వెర్షన్ పడిపోయింది, పచ్చిది నిలబడింది! (మన స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ పేరు జ్ఞానభూమి. మొదటి అక్షరం ఏదో చూసుకోండి. అప్పట్లో మనోళ్ల చేతుల్లో ఐఫోన్లు లేవు కాబట్టి సరిపాయె.)

నవ్వు పక్కన పెట్టి ఆలోచిస్తే, కోట్లమంది రాసే అక్షరం పరీక్షలో ఎవరి కంటా పడకుండా ఎట్టా దాటిపోయింది? బీటా వాడేవాళ్లలో తెలుగు రాసేవాళ్లు తక్కువైతే తెలుగు తప్పులు దొరికేది కష్టం అని నాకు అనిపిస్తాది. ఆ అన్న చెప్పిన దాంట్లో నేను ఒప్పుకునే సగం ఇదే. అందరం దూరంగా ఉంటే మన తప్పులు మన నెత్తి మీదే పడతాయి.

ఇంకో సంగతి దీనికంటే ముఖ్యం. అదే 2018 అక్టోబర్ 2న మైక్రోసాఫ్ట్ విండోస్ 10 కి ఒక పెద్ద అప్‌డేట్ ఇచ్చింది. కొంతమంది కంప్యూటర్లలో డాక్యుమెంట్లు, ఫొటోలు మాయమైనాయి. నాలుగు రోజుల్లోపే ఆపేసి, నవంబర్ 13న సరిచేసి మళ్లీ ఇచ్చినారు. ఇన్‌సైడర్‌లో ఉండి పరీక్షించినోళ్లు ఈ తప్పుని పట్టుకోలేదా? పట్టుకున్నారు. నెలల ముందే ‘నా ఫైళ్లు పోయినాయి’ అని రాసినారు. కాని ఆ ఫిర్యాదులకి ఓట్లు ఎక్కువ పడలేదు, గుంపులో అడుగున పడిపోయినాయి. తర్వాత కంపెనీ తన పద్ధతి మార్చి, ఎంతమంది చెప్పినారు అన్నదే కాకుండా జరిగిన నష్టం ఎంత తీవ్రం అన్నది కూడా రాసే వీలు పెట్టింది.

ఇది చదివినప్పుడు నాకు మా ఊరి గ్రామసభ గుర్తొచ్చింది. మూడొందల ఇళ్లోళ్లు వీధిలైటు అడుగుతారు. మా కాలనీ ఇరవై ఇళ్లు మంచినీళ్లు అడుగుతాయి. చేతులు లెక్కపెడితే లైటే వస్తాది. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇదే తంతు అని నేను అనుకోలేదు. మనం ఎంతమందిమి బీటాలో చేరినా లెక్కలో తక్కువే ఉంటాం. కాబట్టి తలా ఒక ఫోన్ పణంగా పెట్టి గుంపులో గోవిందా అనడం కంటే, కొద్దిమంది చేరి, ఏం చేస్తే ఏం పాడైంది, దానివల్ల ఎవరికి ఏం నష్టం అని వివరంగా రాస్తేనే పని జరుగుతాది.

ఇప్పుడు మనకి దగ్గర విషయానికి వస్తా. 2025 సెప్టెంబర్ 1న కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ‘ఆది వాణి’ అని అనువాదం చేసే యాప్‌ని బీటాగా విడుదల చేసింది. ఐఐటీ ఢిల్లీ ముందుండి చేయించింది, మన పక్కన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా దాంట్లో ఉంది. మొదట నాలుగు భాషలు: సంతాలీ, భీలీ, ముండారీ, గోండీ. తర్వాత కుయి, గారో అన్నారు. ఎరుకల వాళ్ల కుర్రు భాష గాని, తండాల్లో మాట్లాడే గోర్ బోలి గాని మొదటి వరసలో లేవు. యానాదులం మనకైతే తెలుగే కాబట్టి ఆ యాప్ మనకెందుకు అనుకోవచ్చు. నేను అట్టా అనుకోను. ఈరోజు గోండీ ఎట్టా ఉందో రేపు వచ్చే భాషలు అట్టానే ఉంటాయి.

గ్రూపులో ఆదిలాబాద్ వైపు నుంచి గోండీ వచ్చిన వాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. మీకొక మాట. ఆ యాప్‌ని వాడండి, కాని నమ్మి వాడొద్దు. ఇంట్లో అవ్వకి మందుచీటీ అర్థం చేయించేదానికి, పోడు పట్టా అర్జీ రాసేదానికి, పోలీసు స్టేషన్ కాగితం చదివించేదానికి దాన్ని ఆధారం చేసుకోవద్దు. ‘రోజుకి ఒకటి’ అన్నది ‘ఒకసారికి రోజూ’ అని మారితే మనిషి మీదికి వస్తాది. ఒక పాట, ఒక సామెత, అవ్వ చెప్పిన ఒక మాట వేసి చూడండి. తప్పు వస్తే రాసి పంపండి. ఛత్తీస్‌గఢ్ గోండీకి, మన ఆదిలాబాద్ గోండీకి తేడా ఉంటాదని వాళ్లకి చెప్పాల్సింది మీరే, హాస్టల్లో కూర్చొని నేను చెప్పలేను.

‘బీటా అని పేరుంటే చాలు భయపడాలా’ అని ఒక చెల్లి అడిగింది. మంచి ప్రశ్న. జీమెయిల్ 2004 ఏప్రిల్‌లో వచ్చి 2009 జూలై దాకా బీటా అనే పేరుతోనే ఉంది, జనం ఉద్యోగాలకి దాన్నే వాడుకున్నారు. డిజీలాకర్ కూడా 2015 ఫిబ్రవరిలో బీటాగా మొదలై జూలైలో అందరికీ వచ్చింది. మనం రోజూ అసైన్‌మెంట్లకి అడిగే చాట్‌జీపీటీ 2022 నవంబర్ 30న బయటికొచ్చింది కూడా పరిశోధన కోసం ముందుగా చూపించే నమూనా అనే. పేరుని బట్టి కాదు, పోతే ఏం పోతాదో దాన్ని బట్టి చూడాలి. అసైన్‌మెంట్‌లో ఒక తప్పు వస్తే సారు కొట్టేస్తాడు, మళ్లీ రాస్తాం. స్కాలర్‌షిప్ గడువు దాటితే ఎవరు మళ్లీ తెరుస్తారు?

మళ్లీ ఆ అన్నకి. అన్నా, మనోళ్లు ముందుండాలన్న నీ కోరిక నాది కూడా. కాని ముందు నిలబడే వాడికి వెనకాల ఒక ఆసరా ఉండాలి. నీకు జీతం ఉంది, ఇంకో ఫోన్ ఉంది, నువ్వు పెట్టు బీటా, ఏమైందో మాకు తెలుగులో రాయి. మేము పరీక్షలు అయ్యేదాకా పెట్టం. సెలవుల్లో ఎవరైనా పెట్టదలిస్తే ముందు పత్రాలన్నీ డిజీలాకర్‌లోనో ఇంకో చోటనో దాచుకొని, వాట్సాప్ బ్యాకప్ తీసి, ఓటీపీ వచ్చే సిమ్ వేరే ఫోన్‌లో వేసుకొని అప్పుడు పెట్టండి. సిమ్ వేసుకునేదానికి వేరే ఫోన్ లేదంటే ఇంక ఆ ఆలోచనే వద్దు.

ఇంకొకటి. ఇళ్లల్లో తెర పగిలి మూలన పడేసిన ఆండ్రాయిడ్ ఫోన్లు ఉంటాయి. చార్జింగ్ ఎక్కుతా ఉంటే చాలు, కొత్త ఆండ్రాయిడ్ ఎక్కకపోయినా యాప్‌ల బీటాలు చాలావరకు ఎక్కుతాయి. ఉదయగిరి, వింజమూరు, ఆత్మకూరు వైపు హాస్టళ్లలో ఉండేవాళ్లు ఎవరి దగ్గర అట్టాంటిది ఉన్నా కింద రాయండి. మా రూములో ఒకటి పెట్టుకొని తెలుగు కీబోర్డులు, ఆది వాణి వాటిలో చూస్తాం. కుర్రు, గోర్ బోలి బాగా వచ్చిన పెద్దోళ్లు మీ ఇళ్లల్లో ఉంటే వాళ్ల పేర్లు ఇక్కడ పెట్టొద్దు, నాకు విడిగా చెప్పండి, సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు కలుస్తా.