కంప్యూటర్ సైన్స్‌లో చేరితే బయాలజీ ఎందుకు?

ఇంటర్ ఎంపీసీ పూర్తవగానే బ్యాచిలర్స్‌కే అమెరికా వెళ్దామనుకుంటున్నారా? అయితే మీకు ముందే తెలియాల్సిన సంగతి ఒకటుంది. మీ బంధువుల్లో, సీనియర్లలో ఎక్కువమంది బీటెక్ ఇక్కడే చేసి ఎంఎస్‌కి వెళ్లినవాళ్లు. ఎంఎస్‌లో దాదాపు అన్నీ బ్రాంచి సబ్జెక్టులే. అందుకే ఈ విషయం వాళ్లు చెప్పరు, చెప్పలేరు కూడా. బ్యాచిలర్స్‌లో మొదటి సెమిస్టర్ రిజిస్ట్రేషన్‌కి కూర్చోగానే లిస్టులో కనబడేవి యూఎస్ హిస్టరీ, ఇంట్రడక్టరీ బయాలజీ లాంటివి. ‘నేనొచ్చింది కోడింగ్ నేర్చుకోవడానికి కదా, ఇవేంటి?’ అనిపించడం సహజం.

అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీ అంటే సాధారణంగా 120 క్రెడిట్లు. అందులో పెద్ద భాగం జనరల్ ఎడ్యుకేషన్, అంటే మీ బ్రాంచితో సంబంధం లేకుండా అందరూ చదవాల్సినవి. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌నే తీసుకోండి. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలో ఏ డిగ్రీ చేసినా అమెరికా చరిత్రలో 6 క్రెడిట్లు, ప్రభుత్వ వ్యవస్థ మీద మరో 6 క్రెడిట్లు చదవాలి. ఇది రాష్ట్ర చట్టం, యూనివర్సిటీ ఇష్టం కాదు. సైన్స్ క్రెడిట్ల కోసం చాలామంది ‘ఫిజిక్స్ కన్నా సులువు’ అనుకుని బయాలజీ ఎంచుకుంటారు.

వీటిని గట్టెక్కితే చాలనుకునేవాళ్లు ఒక్కసారి లెక్క చూడండి. కాలిక్యులస్ 4 క్రెడిట్లు, ప్రోగ్రామింగ్ 3. రెంటిలోనూ ‘ఎ’ వచ్చింది. హిస్టరీ 3, ల్యాబ్‌తో కలిపి బయాలజీ 4. రెంటిలోనూ ‘సి’. మొత్తం 14 క్రెడిట్లకు 42 పాయింట్లు, అంటే జీపీఏ సరిగ్గా 3.0. మీ బ్రాంచి సబ్జెక్టుల్లో మీరు టాపర్ అయినా సరే! ఫలానా జీపీఏ తగ్గితే ఆగిపోయే స్కాలర్‌షిప్పులు చాలా ఉన్నాయి. పోనీ మధ్యలో డ్రాప్ చేద్దామంటే, ఎఫ్-1 వీసా మీద ఉన్న బ్యాచిలర్స్ విద్యార్థి సెమిస్టర్‌కు మామూలుగా కనీసం 12 క్రెడిట్లు చదవాలి. ఇంటర్నేషనల్ ఆఫీసును అడక్కుండా కోర్సు వదిలేస్తే సమస్య మార్కులతో ఆగదు, వీసా స్టేటస్ దాకా వెళ్తుంది.

మన పిల్లలకు తెలివి తక్కువై ఇలా జరగడం లేదు. ఎంపీసీ వాళ్లు జీవశాస్త్రాన్నీ సోషల్‌నీ పదో తరగతి పరీక్షతోనే అటకెక్కిస్తారు. తర్వాత రెండేళ్లూ ఎంసెట్, జేఈఈ, బిట్లు, షార్ట్‌కట్లు. అక్కడ హిస్టరీ ప్రొఫెసర్ మీ ముందు ఒక పాత ఉత్తరమో, కోర్టు తీర్పో, పత్రికలో వచ్చిన కార్టూనో పెట్టి ‘ఇది రాసిందెవరు, ఎవరి కోసం, ఎందుకు?’ అని అడుగుతారు. మీ వాదన ఒకటి నిలబెట్టి, దానికి ఆధారాలు చూపిస్తూ వ్యాసం రాయాలి. సైడ్ హెడ్డింగులు పెట్టి పాయింట్లు నింపే మన పద్ధతికి అక్కడ మార్కులు పడవు. ఎక్కడినుంచో ఎత్తి రాస్తే సున్నాతో పోదు, క్రమశిక్షణ చర్య దాకా వెళ్తుంది.

ఇంతకీ ఆ చరిత్ర మనకెందుకు? 1776 స్వాతంత్ర్య ప్రకటన, 1787 రాజ్యాంగం, 1861-65 అంతర్యుద్ధం... ఇవన్నీ ఎవరివో అనిపిస్తాయి. కానీ 1868లో వచ్చిన 14వ రాజ్యాంగ సవరణ చదవండి. అమెరికా గడ్డ మీద పుట్టిన బిడ్డకు పౌరసత్వం అనే మాట అందులోదే. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివారి కోసం రాసిన ఆ వాక్యం, 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ అనే చైనా దంపతుల కొడుకు కేసులో వలస కుటుంబాలకు కవచమైంది. ఇవాళ మన వాట్సాప్ గ్రూపుల్లో పౌరసత్వం మీద జరిగే వాదనలన్నీ ఆ వాక్యం చుట్టూనే. గ్రీన్ కార్డు క్యూ సంగతీ అంతే. జాతీయత ఆధారంగా పెట్టిన పాత కోటాలను ఎత్తేసి మనలాంటివారికి తలుపు తీసింది 1965 చట్టం. ఏ దేశానికైనా 7 శాతమే అన్న ఇప్పటి పరిమితి 1990 చట్టంలోది. మన అన్నలూ అక్కలూ ఏళ్లతరబడి ఎందుకు ఎదురుచూస్తున్నారో ఈ రెండు తేదీల మధ్య ఉంది.

బయాలజీ దగ్గరికొస్తే, కోడింగ్ వచ్చినవాళ్లు దీన్ని చూసి భయపడటం నాకు విచిత్రంగా ఉంటుంది. డీఎన్ఏ అంటే నాలుగక్షరాల్లో రాసిన సమాచారం. మూడేసి అక్షరాలు కలిస్తే ఒక కోడాన్. అలా 64 కోడాన్లు. వాటిలో 61 కలిసి 20 అమైనో ఆమ్లాలను సూచిస్తాయి, మిగతా మూడూ ‘ఇక ఆపు’ అని చెప్పేవి. చాలా అమైనో ఆమ్లాలకు ఒకటికన్నా ఎక్కువ కోడాన్లు ఉండటం వల్ల ఒక అక్షరం తప్పు పడినా కొన్నిసార్లు ప్రొటీన్ మారదు. ఇలా చదివితే బట్టీ అక్కర్లేదు. 2024లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్నవారిలో డెమిస్ హసాబిస్, జాన్ జంపర్ ఉన్నారు. ప్రొటీన్ల ఆకారాన్ని ఏఐతో అంచనా వేసినందుకు దక్కిన బహుమతి అది. నన్నడిగితే ఈ కోర్సులో అసలైన లాభం ల్యాబ్. కంట్రోల్ లేకుండా ప్రయోగం చేస్తే ఫలితాన్ని ఎందుకు నమ్మకూడదో అక్కడ చేతులతో తెలుస్తుంది. రేపు మీరు చేయబోయే ఎ/బి టెస్టింగ్ కూడా అదే.

ఈ రెండు పుస్తకాలూ కలిసేచోట ఒక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ గురించి ఏ బయాలజీ పుస్తకం తెరిచినా ఉంటుంది. 1929లో దాన్ని కనుగొన్నవారిలో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో పనిచేసిన ఆయనా ఒకరు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని పట్టుకున్నాడు. 1940ల చివర్లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా వచ్చిన పిల్లలకు ఇచ్చిన అమినోప్టెరిన్, లెడర్లీ ల్యాబ్స్‌లో సుబ్బారావు బృందం తయారుచేసిందే. ఇక చరిత్ర పుస్తకంలో ఆ కాలం చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్‌కు, శ్వేతజాతీయుడు కాదన్న కారణంతో పౌరసత్వం కుదరదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 1923లో. సుబ్బారావు హార్వర్డ్‌లో అడుగుపెట్టింది సరిగ్గా ఆ రోజుల్లోనే. భారతీయులకు పౌరసత్వ హక్కు, ఏడాదికి వందమంది కోటా దక్కింది 1946లో. ఆయన 1948లో చనిపోయారు. అంటే ఆయన అక్కడ గడిపిన కాలమంతా దాదాపుగా, చట్టం దృష్టిలో పౌరుడు కాలేని మనిషిగానే గడిచింది. ఒక్క పుస్తకమే చదివితే ఆయన సగమే తెలుస్తాడు.

ఫ్లయిట్ ఎక్కేలోపు మీకు రెండు నెలల టైమ్ ఉంటుంది. ఓపెన్‌స్టాక్స్ వారి ‘యూఎస్ హిస్టరీ’, ‘కాన్సెప్ట్స్ ఆఫ్ బయాలజీ’ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. మొత్తం చదవక్కర్లేదు. హిస్టరీలో అంతర్యుద్ధం, తర్వాతి పునర్నిర్మాణ కాలం, పౌరహక్కుల ఉద్యమం చదవండి. బయాలజీలో కణం, జన్యుశాస్త్రం, పరిణామం చాలు. రోజుకో గంట. ఖాన్ అకాడమీ వీడియోలు పక్కన పెట్టుకుంటే ఇంగ్లిష్ యాసకి చెవి కూడా అలవాటవుతుంది. ఎవరైనా ఏపీ పరీక్షలు రాసి ఉంటే ఆ స్కోరుకు క్రెడిట్ ఇస్తారేమో యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో చూడండి, ఒక్కోచోట ఒక్కో రూలు. అన్నింటికన్నా ముందు మీ డిగ్రీ ప్లాన్ డౌన్‌లోడ్ చేసి, హిస్టరీనీ బయాలజీనీ ఒకే సెమిస్టర్‌లో పెట్టారేమో చూసుకోండి. పెట్టి ఉంటే అడ్వైజర్‌కి ఈ వారమే మెయిల్ చేయండి. సెక్షన్లు నిండిపోయాక వాళ్లు చేయగలిగేది పెద్దగా ఉండదు.