బేరం మీరే ఆడండి

ఆంధ్రప్రదేశ్ ఐటీ శాఖ కార్యదర్శి గారికి,



ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో రెండు లక్షలు దాటిన కొనుగోలుకు పాన్ నంబరు తీసుకోవాలి. ఆ పాన్ కార్డుల జిరాక్సులూ కొన్నవాళ్ల ఫోన్ నంబర్లూ చివరికి చేరేది లెక్కలు రాసే కంప్యూటర్‌లోకే. నగలకు ఇనుప పెట్టె ఉంది, ఈ వివరాలకు గొళ్లెం కూడా లేదు. 2023 డేటా రక్షణ చట్టంలో భద్రతా లోపానికి జరిమానా 250 కోట్ల దాకా ఉంది. ఆ చట్టం కింద వచ్చిన 2025 నియమాలు ఎన్‌క్రిప్షన్‌ను, అంటే ఫైళ్లకు తాళం వేయడాన్ని, పేరుపెట్టి చెప్పి, సర్దుకోవడానికి 18 నెలలు గడువిచ్చాయి.

ఆ తాళం వేసే సాఫ్ట్‌వేర్లలో పూర్తి బిట్‌లాకర్ కావాలంటే విండోస్ హోమ్ చాలదు, ప్రో కొనాలి. వెరాక్రిప్ట్ ఉచితమే గానీ పాస్‌వర్డ్ మరిచిపోతే తెరిచే నాథుడు లేడు. మా అంగడివాళ్లకు దొంగ కన్నా మరుపంటేనే భయం.

అందుకే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వ్యాపారులందరినీ ఒక్క కొనుగోలుదారుగా చూపి ఈ సాఫ్ట్‌వేర్ కంపెనీలతో మీరే బేరమాడండి. ఒంటరిగా పత్తి అమ్మబోయినవాడికి ఏం ధర పలుకుతుందో మాకు తెలుసు. లైసెన్సు ధర తగ్గితే సరిపోదు. తెలుగులో ఫోన్ ఎత్తే మనిషి కావాలి. ఒప్పందం ముగిసినా పాత ఫైళ్లు తెరుచుకుంటాయని రాసివ్వాలి. ఇక పాస్‌వర్డ్ మరిచినా ఫైళ్లు తెరిచే మారు తాళంచెవి కంపెనీ చేతికీ, మన్నించాలి, మీ శాఖ చేతికీ వద్దు. అది అంగడి యజమాని దగ్గరే ఉండాలి.

ఇట్లు,
మూడు ఊళ్లలో చిట్టాలు రాసే ఒక గుమాస్తా