అడవి మీద నడిచే అలలు

పిల్లలూ! వరిచేను ఈనిన తరవాత గట్టు మీద నిలబడి చూచారా? గాలి రాగానే చేనంతా అలలు అలలుగా ఊగుతుంది. అల ఈ గట్టునుంచి ఆ గట్టుకు పరుగెత్తుతుంది. కాని వరివెన్ను ఉన్నచోటనే వంగి, మళ్ళీ లేస్తుంది. మరి పరుగెత్తేది ఏది? గాలిలోని సుడి!

అది ఎలా పుడుతుందో చెబుతాను. చేను మీది గాలికి అడ్డు లేదు. అది వేగంగా పోతుంది. ఆకుల నడుమ దూరిన గాలికి అడుగడుగునా అడ్డే. అది మెల్లగా కదులుతుంది. అరచేతుల మధ్య పెన్సిలు పెట్టి పై చేతిని ముందుకు జరపండి. పెన్సిలు దొర్లుతుంది కదా! ఈ రెండు గాలులూ కలిసేచోట కూడా గాలి అలాగే దొర్లి సుడులవుతుంది. సుడి తాకినచోట వెన్నులు వంగుతాయి. అది దాటగానే లేస్తాయి.

అడవిలోనూ ఇదే సంగతి. పైన చెట్లకొనలు ఊగిపోతున్నా, కింద ఆకు కదలదు. అంతలో ఒక్క విసురు వచ్చి పోతుంది. పైనున్న సుడి కొమ్మల్లోకి దిగిందన్నమాట! ఈ సుడులే అడవికి ఊపిరి. ఇవి తాజాగాలిని కిందికి తెస్తాయి, ఆకులు విడిచిన నీటిఆవిరిని పైకి తీసుకుపోతాయి. రాత్రిపూట గాలి స్తంభిస్తే, నేలా, చెట్లూ విడిచిన బొగ్గుపులుసు వాయువు అడవి అడుగునే పేరుకుంటుంది. అడవికీ ఆకాశానికీ మధ్య జరిగే ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని కొలవటానికి బ్రెజిలులోని అమెజాన్ అడవిలో 325 మీటర్ల ఉక్కుగోపురం 2015లో నిలబెట్టారు. నాలుగు కుతుబ్ మీనారులు ఒకదానిమీద ఒకటి పెట్టినా దాని ఎత్తుకు చాలవు!

పెనుగాలి వస్తే ఏ అడవికైనా కష్టమే. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవుల్లో వేలాది చెట్లు కూలిపోయాయి. కాని మామూలు గాలివానలకు అడవి తట్టుకునేది ఎక్కువగా తన అంచు చెట్ల వల్లనే. అవి చిన్ననాటినుంచీ గాలిదెబ్బలు తిని, లావైన మానుతో, గట్టి వేళ్ళతో పెరుగుతాయి. లోపలి చెట్లు వాటి చాటున సన్నగా, పొడుగ్గా పెరుగుతాయి. అంచు నరికితే, గాలి దెబ్బ ఎరగని చెట్లు ముందువరసకు వస్తాయి. అవి సులభంగా పడిపోతాయి. తరవాత వాటి వెనకవాటి వంతు!

అందుచేత, “పోయేది ఒక వరస చెట్లేగా!” అని ఎవరైనా అంటే, ఆ వరస ఏం పని చేస్తున్నదో మీరు వారికి చెప్పండి.