పాలమూరు లేబరు

పరదేశమునుండి వచ్చి, మన పల్లెలలో ఇంటిమాటయై స్థిరపడిన ఆంగ్లపదములలో లేబరు ఒకటి. అక్షరము రాని ముసలవ్వ సయితము "మా పిలగాడు లేబర్ పనికి పోయిండు" అనును. అది పరాయి మాటయన్న తలంపే ఆమెకు రాదు. లాటిను భాషలో ఈ మాటకు మూలమైన లాబోర్ అనుదానికి పని అనియే కాక అలసట, బాధ అనియు అర్థములు కలవు. ఫ్రెంచిద్వారమున ఆంగ్లమున ప్రవేశించిన పిమ్మటను ఆ బాధ దానిని వీడలేదు గనుకనే, ప్రసవవేదనకును ఆంగ్లేయులు ఆ పేరే పెట్టుకొనిరి. మన కాన్పుల ఆసుపత్రులలోని లేబర్ రూము అదియే. శాస్త్రజ్ఞుల లేబరేటరీయు ఆ వంశముదే.

మన శ్రమశబ్దమును ఇట్టిదే. అలయుట అను అర్థముగల ధాతువునుండి పుట్టి, తపస్సుచే దేహమును అలయించువానికి శ్రమణుడనియు, అట్టివారు వసించు తావునకు ఆశ్రమమనియు పేర్లనొసగి, తుదకు పరిశ్రమయై నేటి కర్మాగారములదాక నడచివచ్చినది. పూర్వపు నల్లగొండ జిల్లాలోని ఫణిగిరి కొండపై బౌద్ధశ్రమణుల విహారశిథిలములను చూచినప్పుడెల్ల, ఆ రాతిని పైకి మోసినవారును అలసినవారే కదా అని నా మనస్సునకు తోచును.

అలసటను తెలుపు ఈ మాట మన నోట మనిషికి పేరైపోయినది. "పదిమంది లేబర్ కావాలె" అందురు. 1890లో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పేర మహబూబ్‌నగరమైనను జనుల నోట పాలమూరుగనే నిలిచిన సీమ, దేశమున తన చేనేతవలన కంటె, తన కోటలవలన కంటె, "పాలమూరు లేబర్" అను రెండు మాటలవలననే ఎక్కువ ప్రసిద్ధి గాంచుట నాకు మిక్కిలి దుఃఖము కలిగించును. వానలు మొగము చాటువేసిన యేట గుంపుమేస్త్రీ ఊరికి వచ్చి, ముందుగా పైకమిచ్చి, ఆలుమగలను కూడగట్టుకొని పోవును. ముసలివారును పసివారును ఇంట మిగులుదురు. మేస్త్రీ అను మాట పోర్చుగీసువారు తెచ్చినది. దాని లాటిను మూలమునకు గురువని అర్థము. గురువు పేరు అప్పిచ్చువాని పేరైనది.

1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన గావించిన నాగార్జునసాగరము కాంక్రీటుతో గాక రాతితో లేచిన మహాసేతువు. యంత్రములు చాలని ఆ దినములలో రాళ్లు మనుష్యుల తలలమీదనే పైకెక్కినవి, ఆ తలలలో పాలమూరువారివి అనేకములు. అచటి శ్రమణుల విహారములున్న లోయ ఆ నీట మునిగినది. ఎడమ కాలువ నల్లగొండ పొలములకు పారినది. తెలంగాణమున కృష్ణమ్మ మొట్టమొదట అడుగిడునది పాలమూరు గడ్డమీదనే. అయినను ఆ నీటిని కట్టిన చేతులు తమ మెట్టచేలకు మాత్రము తెచ్చుకొనజాలక ఎంతో కాలము బొంబాయి బస్సుల నెక్కుచు వచ్చినవి. 1979నాటి కేంద్రచట్టము వారిని అంతర్రాష్ట్ర వలస కార్మికులని పేర్కొని హక్కులను వ్రాసియిచ్చినది. ఆ పేరు పనిచోటికి చేరుట నేను చూడలేదు.

పీర్ల పండుగకు వారు ఊరు చేరుదురు. ఆ నాలుగు దినములు చిన్నాయన, పెద్దమ్మ, బావ, వదినె అని వరుసలు కలిపి ఊరంతయు పిలుచును. పండుగ ముగిసి బస్సెక్కిన మరునాడు వారు మరల లేబరు.